నలభై అయిదు గుంటలు

రెండు వందల పద్నాలుగు బై ఆ, ఎకరం అయిదు గుంటలు, రెండు వందల పద్నాలుగు బై ఆ, ఈ ఒక్కటి మధ్యాహ్నం దాకా నిలిస్తే చాలు, ఆ తరువాత ఏది పోయినా పోనీ అనుకుంటోంది రిబ్కమ్మ. పొద్దున బస్సులో ఒకసారి పోయింది కూడా. కండక్టరు ఆధార్ కార్డు చూసి ఆడవాళ్లకిచ్చే జీరో టికెట్టు చేతిలో పెట్టాడు. దాని మీది అంకెలను ఊరికే చూసింది. తల ఎత్తేసరికి తన సర్వే నంబరు ఉండాల్సిన చోట ఏమీ లేదు. అక్కడ ఏదో ఉండేదన్న సంగతి మాత్రం తెలుస్తోంది, పన్ను ఊడిన చోటును నాలుక వెతుక్కున్నట్టు. రెండు ఊళ్లు దాటాక, రోడ్డు పక్కన ఆరబోసిన మక్కలు కనబడ్డప్పుడు, నంబరు దానంతట అదే తిరిగి వచ్చింది. ఎందుకు పోయిందో తెలియనట్టే ఎందుకు వచ్చిందో కూడా తెలియదు. అదే భయం. దొంగ ఇంట్లో తిరుగుతున్నాడు, తీసిన వస్తువును కొన్నిసార్లు తిరిగి పెడుతున్నాడు.

తహసీల్దారు ఆఫీసు వరండాలో సిమెంటు అరుగు మీద కూర్చుంది. రిజిస్ట్రేషన్ టైము పదకొండున్నర. ఆమె తొమ్మిదింటికే వచ్చింది. ఎదుటి గోడకు అంటించిన కాగితాలన్నింటి మీదా అంకెలే ఉన్నాయి. అందుకని కాళ్ల వైపు చూస్తోంది. చెప్పులు రెండూ ఒక జతవేనా అని చూసుకుంది. ఒక జతవే.

అరవై నాలుగేళ్లు. అందులో నలభై ఏళ్లు బీడీలు చుట్టింది. ఇరవై అయిదు బీడీలు ఒక కట్ట. ఆ ఇరవై అయిదును ఆమె ఎన్నడూ లెక్కపెట్టలేదు. చాట ఒళ్లో పెట్టుకుని పక్కింటామెతో మాట్లాడుతున్నా, ఆదివారం పాట పాడుకుంటున్నా, వేళ్లు ఆకు చుట్టి మూతి మడిచి, ఇరవై అయిదు దగ్గర వాటంతట అవే ఆగి దారం అందుకునేవి. పోయిన చలికాలంలో ఒక సాయంత్రం కార్ఖానాలో కట్టలు చూసే ముత్యం ఆమె కట్టలు నాలుగు విప్పాడు. ఒకదానిలో ముప్పై ఒకటి. ఒకదానిలో పంతొమ్మిది.

"ఏంది రిబ్కవ్వా, తక్కువ పెడితే దొంగతనం అనుకుంట. ఎక్కువ గూడ పెట్టినవ్. సేటు మీద గింత ప్రేమ ఎప్పటి సంది?" అన్నాడు.

వరుసలో ఉన్న ఆడవాళ్లందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నవ్వుతూ చేతుల వైపు చూసుకుంది. అవి ఒళ్లో మామూలుగానే ఉన్నాయి. అవే తనకు తెలియకుండా ఎక్కడికో పోయి వచ్చినట్టు అనిపించింది.

ఆ నెలలోనే కూతురికి చర్చి మీటింగ్ ఉందని చెప్పి కరీంనగర్ పోయింది. డాక్టరు ఏవేవో అడిగాడు. వారాలు వెనక్కి చెప్పమన్నాడు, బొమ్మలు చూపాడు, తలకు ఫోటో తీయించాడు. చివరకు మతిమరుపు జబ్బు మొదలైందన్నాడు. మందులు దాన్ని కొంచెం ఆపుతాయి తప్ప వెనక్కి పంపవన్నాడు. "వెంట ఎవరన్నా వచ్చిన్రా అమ్మా?" అని అడిగాడు. "బయట ఉన్నరు సార్" అంది. బయట ఎవరూ లేరు. బయటికి వచ్చి, అబద్ధం చెప్పిన తరువాత కూడా, ఒక్క క్షణం నిజంగానే ఎవరి కోసమో చూసింది.

అప్పటి నుంచీ ఆమెకు ఒక మనిషి కనబడుతోంది. కళ్లకు కాదు. ఆ మనిషి ఆమె వైపే నడిచి వస్తోంది, తొందర లేకుండా. ఆమె చీరే కట్టుకుని, ఆమె మొహమే పెట్టుకుని. ఆ వచ్చే మనిషికి ఏమీ తెలియదు. తిన్నానో లేదో తెలియదు, కూతురు ఎవరో తెలియదు. కానీ ఆ మనిషికి ఒక మంచం కావాలి, మంచం పక్కన మరో మనిషి కావాలి. మంచం ఎంత తింటుందో రిబ్కమ్మకు తెలుసు. డబ్బులో కాదు, ఆ లెక్క ఎప్పుడూ గుర్తుండదు. గుంటల్లో తెలుసు, ఎకరానికి నలభై గుంటలు.

భర్త మొగిలి ఇరవై గుంటలు ఒకేసారి తిన్నాడు. పసుపు ఉడకబెడుతూ పొయ్యి దగ్గర ఒరిగిపోతే కరీంనగర్ తీసుకుపోయారు. తలకు ఆపరేషన్, నలభై రోజులు అద్దాల గది. ఆ తరువాత మంచాన పడ్డవాళ్లను చూసుకునే నర్సింగ్ హోంలో, రెండో అంతస్తు, కిటికీ పక్క మంచం. అక్కడ నెలకొక గుంట. పదిహేను నెలలు. రెండెకరాల్లో ముప్పై అయిదు గుంటలు అలా పోయాయి. మొగిలి తండ్రి ముప్పై ఏళ్లు పటేళ్ల ఇంట్లో జీతం ఉండి, ఆఖరి కాలంలో కొనుక్కున్న భూమి అది. రాళ్లు ఏరి, గట్లు పోసి, పొలం అని పిలవడానికి లాయకు చేసింది మొగిలి. పోయిన తరువాత మిగిలిన నలభై అయిదు గుంటలు ఆమె పేరు మీదికి వచ్చాయి. నలభై అయిదు గుంటలంటే నలభై అయిదు నెలలు. తను నలభై అయిదు నెలలు పడుకోవచ్చు. అంత కంటే ఎక్కువ బతికితే?

ఆ ముప్పై అయిదు గుంటలను ఎవరూ దోచుకోలేదు. నర్సింగ్ హోం వాళ్లు తిట్టలేదు, తరమలేదు. కూతురు క్యాథరిన్, అల్లుడు బెన్నీ ఆమె మొహం చూస్తూ అన్న "పోతే పోనీ అవ్వా, బాపు కంటే ఎక్కువనా భూమి?" అనే మాటతోనే గుంట తరువాత గుంట పోయింది. ప్రేమ ఆపడం ఎవరికీ చేతకాలేదు. ఆమెకూ చేతకాలేదు.

ఆ తరువాతి సంగతి దగ్గరికి రాకుండా మనసు పక్కకు తిరుగుతుంది. ఇవాళ తిరగలేదు.

భూమి మొగిలి పేరు మీద ఉంది. కొనేవాడు కాగితాలు, సిరా డబ్బా పట్టుకుని రెండో అంతస్తుకు వచ్చాడు. మొగిలికి మాట లేదు. అర్థమవుతోందో లేదో ఎవరికీ తెలియదు. కుడి చెయ్యి పిడికిలి బిగిసి ఉంది, బొటన వేలు లోపల. "మీరే జర తియ్యున్రి అమ్మా, మీరైతే ఇడుస్తడు" అన్నాడు ఆ మనిషి. క్యాథరిన్ మొహం కిటికీ వైపు తిప్పుకుంది. రిబ్కమ్మ ఆ పిడికిలిని రెండు చేతులతో విప్పింది. "ఓ మొగిలీ, నేనే, నేనే" అంటూ విప్పింది. ఆమె ఎప్పుడూ అతన్ని పేరు పెట్టే పిలిచేది. చిన్నప్పుడు బైబిలు చెప్పే టీచరమ్మ, మొగుడి పేరు చెప్పడానికి సిగ్గెందుకు, దేవుడి ముందు చెప్పిన పేరే కదా అని నేర్పింది. ఊళ్లో ఇంకే ఆడదీ మొగుణ్ని అలా పిలవదు. వాడకట్టు ఆడవాళ్లు ఎంత వెక్కిరించినా ఆమె మానలేదు. ఆ పేరు పెట్టి పిలుస్తూనే బొటన వేలిని సిరాలో ముంచి కాగితం మీద ఒత్తింది. వేలు బరువు లేకుండా ఉంది. ఒత్తుతున్నది అతను కాదు.

తుడిచి వదిలిన వెంటనే మొగిలి ఆ వేలిని మళ్లీ పిడికిట్లో దాచాడు. పోయేదాకా తీయలేదు. స్నానం చేయించే పిల్ల ఎంత బతిమాలినా తీయలేదు. మంచిర్యాల నుంచి పూలదండ తెచ్చిన బెన్నీ శవపేటికలో చేతులు జోడించబోతే అప్పుడూ రాలేదు. అలాగే పూడ్చిపెట్టారు. అతనికి తెలిసిందా? తెలియకుండానే నరాలు ముడుచుకున్నాయా? డాక్టరును అడగవచ్చు. అడగలేదు. రెండు జవాబుల్లో ఏది విన్నా బతకడం కష్టమనిపించింది.

ఇప్పుడు ఆమెను రాత్రింబవళ్లు పట్టుకున్నది చావు కాదు. ఒక గది, ఒక కిటికీ, మంచం మీద ఆ వచ్చే మనిషి, మంచం పక్కన క్యాథరిన్. క్యాథరిన్ ఏడుస్తూ, "నేనే అవ్వా, నేనే" అంటూ పిడికిలి విప్పుతూ ఉంటుంది.

"ఏందక్కా, ఒక్కదానివే ఏం మాట్లాడుకుంటున్నవ్?"

దస్తావేజులు రాసే హనుమండ్లు. చంకలో ఫైలు, చెవిలో పెన్ను. ఆమె పెదవులు కదులుతున్నాయని అప్పుడు తెలిసింది.

"ప్రార్థన తమ్మీ."

"గట్టిగ చెయ్యి. సర్వరు నడువాలని గూడ చెయ్యి" అని నవ్వి పక్కన కూర్చున్నాడు. "ఇంకొక్కసారి అడుగుత, మల్ల నా మీద బద్నాం ఎయ్యద్దు. పోషణ షరతు రాయలే. తీసుకున్నోళ్లు నిన్ను సూడాలె, సూడకపోతే ఈ దానం రద్దు అని ఒక్క లైను. అందరు రాపిచ్చుకుంటరు. రేపు వీళ్లు సూడకపోతే ఆర్డీవో దగ్గరికి పోయి భూమి ఎన్కకు తెచ్చుకోవచ్చు."

"వద్దని చెప్పిన గద."

"ఎందుకు వద్దు?"

"గది రాస్తే తాళం ఏసి చెవి నా చేతిలనే పెట్టినట్టు" అంది రిబ్కమ్మ. మిగతాది అనలేదు. రేపు తన చేయి తనది కాదు. తాళం చెవి ఉన్న చేతిని ఎవరైనా పట్టుకుని తీసుకుపోతారు, మంచి మనసుతోనే.

వారం కింద ఈ హనుమండ్లే దారి చూపాడు. కూతురి పేరు మీద రాస్తే కూతురు అమ్ముతుంది, నీ మందుల కోసమే అమ్ముతుంది. ఇంకెవరి పేరు మీదైనా అంతే. అదే తొమ్మిదేళ్ల మనుమరాలి పేరు మీద దానం రాస్తే, పిల్లకు పద్దెనిమిది నిండేదాకా కన్నతల్లి కూడా అమ్మలేదు. జిల్లా కోర్టుకు పోవాలి, పిల్లకు లాభమని జడ్జికి చూపాలి. అమ్మమ్మ మంచం ఖర్చు పిల్లకు లాభం కాదు. ఆ మాట విన్నప్పుడు ఆమెకు ఊపిరి ఆడినట్టయింది. ఇంటికి పోయాక అదే మాట గొంతు మీద కూర్చుంది. తొమ్మిదేళ్లు. ఆ తాళం లోపల భూమి ఉంటుంది. బయట తను ఉంటుంది, ఆ వచ్చే మనిషి ఉంటుంది. ఎక్కడ పడుకుంటుంది? సర్కారు దవాఖాన వరండాలోనా? మంచిర్యాలలో రెండు గదుల కిరాయి ఇంట్లో, పిల్ల చదువుకునే బల్ల కిందనా? ఎవరైనా అరుస్తారా? ఎవరైనా కట్టేస్తారా? ఆకలి అవుతుందని చెప్పడానికి మాట ఉంటుందా?

"అమ్మమ్మా!"

నవ్యశ్రీ పరుగెత్తుకుంటూ వచ్చి మోకాళ్లకు చుట్టుకుంది. వెనకాల క్యాథరిన్, చెమటతో, భుజానికి బడి బ్యాగులాంటిదే తగిలించుకుని. మంచిర్యాలలో ప్రైవేటు బడిలో టీచరు. సెలవు పెట్టి వచ్చింది.

"గింత పొద్దుగాల్నే వచ్చి కూసున్నవా అవ్వా? తిన్నవా?"

"తిన్న." ఏం తిన్నదో వెతికితే దొరకలేదు. కూతురు ఏం తిన్నావని అడగలేదు.

హనుమండ్లు పిల్ల నెత్తి మీద చేయి వేశాడు. "ఏం పటేలమ్మా, ఇయ్యాల్టి సంది నువ్వే పట్టాదారువు. రైతుబంధు పైసలు నీ పేరు మీదనే పడుతయి, మాకు చాయ తాగిస్తవా? నీకు పద్దెనిమిదేండ్లు నిండేదాక మీ అమ్మ అడిగినా, మీ బాపు అడిగినా, గీ అమ్మమ్మనే వచ్చి కాళ్లు మొక్కినా గుంట గూడ కదలది. జడ్జి సాబే చెప్పాలె."

క్యాథరిన్ మొహంలో నవ్వు సగంలో ఆగింది. "అంటే?"

"అంటే ఏముంది బిడ్డా, మైనరు ఆస్తి. కోర్టు పర్మిషన్ లేంది ఎవ్వలు ముట్టుకోరు."

"మరి అవ్వకు ఏమన్నయితే?"

హనుమండ్లు రిబ్కమ్మ వైపు చూశాడు. "అక్క నీకు చెప్పలేదా?" అని, జవాబు కోసం ఆగకుండా, ఫైలు తీసుకుని జిరాక్స్ వైపు నడిచాడు.

క్యాథరిన్ పిల్లను నీళ్ల కుండ దగ్గరికి పంపింది. పక్కన కూర్చోలేదు, ఎదురుగా నిలబడింది.

"పిల్ల పేరు మీద పెడుత అంటే సంబురపడ్డ. గిది చెప్పలే. నువ్వు రేపు మంచాన పడితే నేను దేనితోని సూడాలె? నా జీతంతోనా? బెన్నీ ఆటోతోనా? భూమి ఉన్నది గనుకనే గద బాపు పదిహేను నెలలు బతికిండు?"

"బతికిండా?"

"గట్లనకు" అంది క్యాథరిన్.

"అంటలే."

"నాతోని కాదు. నేను సంతకం పెట్ట. ఇంటికి పోదాం, నడు."

అన్నది. రిబ్కమ్మ వినాలనుకుంటున్న మాటే అన్నది. పెట్టకు బిడ్డా, నన్ను బయట పెట్టి తాళం వెయ్యకు, నా కోసం అమ్మండి, చివరి గుంట దాకా అమ్మండి, నాకు ఒంటరిగా భయం. ఇదంతా నాలుక చివర దాకా వచ్చింది. ఎంత దగ్గరికి వచ్చిందంటే, నోరు తెరిస్తే అదే బయటపడుతుందని తెలిసి పళ్లు బిగించింది. తనలో తాళం వేయాలనుకునేది ఒకరు, తలుపు బాదేది ఒకరు. ఇద్దరిలో నిజమైన రిబ్కమ్మ ఎవరు? బహుశా బాదేదే. తాళం వేసేది ఇంకొన్ని నెలల్లో పోతుంది. బాదేది మాత్రం ఉంటుంది, అదే మిగులుతుంది. అందుకే ఈ పని ఇవాళే కావాలి.

"నాకేమయితది?" అంది. ఆ గొంతు ఎక్కడి నుంచి వచ్చిందో, గట్టిగానే ఉంది. "గుండు లెక్క ఉన్న. షుగరుందా? బీపీ ఉందా? నిన్న గాక మొన్న ఆరు వందల బీడీలు చేసిన. మా అవ్వ తొంబై ఏండ్లు కట్టె పట్టుకోకుంట నడిచింది. పిల్ల సదువుకు ఉండాలె అని పెడుతున్న. నేను మంచిగ ఉన్నప్పుడే పెడుత గని, మంచాన పడ్డంక పెడుతనా?"

"ఒట్టు? ఏం లేదు గద? నా దగ్గర దాస్తలేవు గద?"

"ఏం దాస్త? దాసుకునేటందుకు బీడీలు తప్ప ఏమున్నయి?"

క్యాథరిన్ నవ్వకుండా ఉండలేకపోయింది. కళ్లు తుడుచుకుంది. "నీ మొండితనం నన్ను సంపుతది. సరే. గని విను, నీకు గనుక ఏమన్నయితే నేను కోర్టుకు పోత. జడ్జి కాళ్లు పట్టుకుంట. ఏమనుకుంటున్నవో."

పట్టుకుంటుంది. తొమ్మిదేళ్లు సరిపోతాయా? ఈ పిల్ల ప్రేమ ముందు జడ్జి నిలుస్తాడా?

లోపలి నుంచి పిలిచారు.

గదిలో ఏసీ ఉంది. తహసీల్దారు చిన్న వయసు ఆడమనిషి, అద్దాలు. పక్కన కంప్యూటరు ముందు ఆపరేటరు. బల్ల మీద కన్నులాంటి కెమెరా, దాని పక్కన వేలు పెట్టే నల్లటి డబ్బా, పైన గోరంత అద్దం, లోపల ఎర్రటి వెలుగు. ముందు తీసుకునేవాళ్ల వేలిముద్రలు అన్నాడు ఆపరేటరు. పిల్ల తరఫున క్యాథరిన్ వేలు పెట్టింది, ఒక్కసారికే డబ్బా కుయ్యిమంది. సంతకాలు చేసింది. సాక్షులుగా హనుమండ్లు తెచ్చిన ఇద్దరూ చేశారు.

"నీ పేరు చెప్పమ్మా" అంది తహసీల్దారు.

"రిబ్కమ్మ."

"నీ ఇష్టంతోనే ఇస్తున్నవా? ఎవరన్న భయపెట్టిన్రా?"

భయం. ఆ మాట గదిలో కాసేపు నిలబడింది. "ఎవ్వలు భయపెట్టలే మేడం. నా ఇష్టమే."

"సర్వే నంబరు ఎరుకేనా?"

"రెండు వందల పద్నాలుగు బై ఆ. ఎకరం అయిదు గుంటలు."

వచ్చింది. మొత్తం వచ్చింది, ఒక్క అంకె తడబడకుండా. మేడం తల ఊపింది. హనుమండ్లు మెచ్చుకుంటున్నట్టు కళ్లెగరేశాడు. రిబ్కమ్మ భుజాలు దిగాయి. పొద్దున నుంచి రెండు చేతులతో మూసి పట్టుకున్నదాన్ని ఇప్పుడు వదలవచ్చు. వదిలింది.

"భర్త పేరు?"

చెప్పబోయింది. నోరు తెరిచింది. అతని తువాలు కనబడింది, పసుపు అంటుకున్న గోళ్లు కనబడ్డాయి, నవ్వితే పక్కకు పోయే మూతి కనబడింది, పిడికిలి కనబడింది. మనిషి మొత్తం వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. పేరు రాలేదు. చీకటి గదిలోకి చేయి పెట్టినట్టు లోపలికి పోయింది. గోడ తగలలేదు. ఇంకా లోపలికి పోయింది. మ అనా? ర అనా? ఏసీ గదిలో ఆమె మెడ మీద చెమట పట్టింది. ఇక్కడ దొరికిపోతుంది. మతి లేని మనిషి దానం చెల్లదంటారు. పంపించేస్తారు. ఆమె పెదవులు కలుపుకుని తల దించుకుంది.

గదిలో నవ్వు మొదలైంది.

"ఇంకా గీ కాలంల గూడ మొగని పేరు చెప్పరా అవ్వా?" అన్నాడు ఆపరేటరు. "సిగ్గుపడకు, గీ కంప్యూటరుకు మొగుడు లేడు."

"మా నాయనమ్మ గూడ గింతే" అంది తహసీల్దారు, మొదటిసారి నవ్వి. "రేషన్ కార్డుకు గూడ పక్కింటోళ్లతోని చెప్పిపిచ్చేది. సరే, నువ్వు చెప్పు పాపా, మీ తాత పేరేంది?"

"మొగిలి తాత!" అని అరిచింది నవ్యశ్రీ.

మొగిలి. పేరు వచ్చి ఆమె మీద పడింది. అందరూ నవ్వుతున్నారు. ఆ పాత సిగ్గు, ఆమె జీవితంలో ఎన్నడూ పడని సిగ్గు, ఆమెను కాపాడింది. ఊపిరి పీల్చి తల ఎత్తింది.

క్యాథరిన్ నవ్వడం లేదు.

క్యాథరిన్ ఆమెనే చూస్తోంది. గుడిసె గడపలో నిలబడి "ఓ మొగిలీ, బువ్వ సల్లారుతుంది" అని వాడకట్టంతా వినబడేలా అరిచే తల్లిని చూస్తూ పెరిగిన పిల్ల. ఆ కళ్లకు మొదట ఏమీ అర్థం కాలేదు. తరువాత ఒక్కొక్కటిగా అర్థమవుతూ పోయింది. ఎందుకింత తొందర. ఎందుకు పిల్ల పేరు మీద. చర్చి మీటింగ్ ఎందుకు. రిబ్కమ్మ చూపు తిప్పుకుంది, అయినా కూతురి చూపు తన చెంప మీద తగులుతూనే ఉంది.

"వేలు పెట్టు అవ్వా" అన్నాడు ఆపరేటరు.

కుడి బొటన వేలు పెట్టింది. డబ్బా మూలిగింది. తుడిచి మళ్లీ పెట్టమన్నాడు. మళ్లీ మూలిగింది. ఎడమ బొటన వేలు, చూపుడు వేళ్లు రెండూ. ఆపరేటరు ఆమె చేయి తిప్పి చూశాడు.

"బీడీలు చేస్తవా? గీతలన్నీ ఆకే తిన్నది. ఏం లేవు మేడం, సాఫ్."

"కండ్ల మిషను?"

"ఖరాబైంది మేడం. ఆధార్‌ల ఉన్న ఓటీపీ ఫోను నంబరు చనిపోయిన ఆయనదట, బందయిందట."

"అయితే ఇయ్యాల కాదమ్మా. ఫోను నంబరు మార్పిచ్చుకొని ఇంకొక రోజు రాన్రి."

"వస్తం మేడం" అంది క్యాథరిన్, కుర్చీ చప్పుడయ్యేలా లేచి. "నడు అవ్వా. ఇంటికి పోదాం. మన ఇంటికి, మంచిర్యాలకు. ఇయ్యాల్నే. నడు." వంగి, తల్లి కుడి మణికట్టు పట్టుకుంది. మెత్తగా, వదలకుండా.

ఎవరి తప్పూ లేదు. మిషను వద్దంది. ఇక పోవచ్చు. మంచిర్యాలలో అన్నం పెడతారు, మందులు వేస్తారు. నెలకొక గుంట. ఎవరూ ఆమెను ఏమీ అనరు.

కానీ రేషను దుకాణం ఆమెకు గుర్తుంది. ప్రతి నెలా అక్కడ ఇదే గొడవ ఉండేది. తొమ్మిది వేళ్లూ చూసి చూసి డీలరు ఒకసారి ఎడమ చిటికెన వేలు పెట్టించాడు. చుట్టేటప్పుడు ఆకు మీద పడకుండా ఎప్పుడూ గాలిలో నిలబడి ఉండే వేలు. డబ్బా కుయ్యిమంది. "అన్ని వేళ్లు పని చేసినయి, ఇదొక్కటి సుఖపడ్డది, దానికే బియ్యం" అని అప్పటి నుంచీ ఎగతాళి చేస్తాడు. ఈ గదిలో ఆ సంగతి ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు. ఇంకో నెలకు ఆమెకు కూడా తెలియకపోవచ్చు. చెప్పకపోతే చాలు. చెప్పకపోవడం అబద్ధం కూడా కాదు.

లేవడానికని కూతురు పట్టుకున్న చేతి వైపు చూసింది. ఆ చేయి పిడికిలి బిగించి ఉంది. బొటన వేలు లోపల ఉంది. ఎప్పుడు దాచిందో ఆమెకు తెలియదు.

క్యాథరిన్ కూడా దాన్నే చూస్తోంది. క్యాథరిన్ రెండో చేయి ఆ పిడికిలి మీదికి వచ్చింది, విప్పడానికో, ఊరికే పట్టుకోవడానికో. తాకేలోపు ఆగింది.

ఆ వచ్చే మనిషి గది తలుపు దగ్గర నిలబడి ఉంది, మంచం ఏదని అడుగుతూ. రిబ్కమ్మ కూతురి పట్టులోంచి చేయి మెల్లగా తీసుకుంది. పిడికిలి తనే విప్పింది, బొటన వేలిని బయటికి తీసింది. ఎడమ చేయి కొంగుకు తుడుచుకుని, ఎవరూ అడగని చిటికెన వేలును ఎర్రటి వెలుగు మీద పెట్టి, ఒత్తి పట్టుకుంది.